రూతమ్మవ్వ విత్తనాల కుండ

జొన్నపిండిలో వేడినీళ్ళు పోయగానే లేచే వాసనకు నాకు ఇప్పటికీ రూతమ్మవ్వ గుర్తుకొస్తుంది. మొన్న మొయినాబాదులో మా ఇంట్లో పిండి కలుపుతుంటే టీవీలో వార్తలు వస్తున్నాయి. ప్రపంచ దేశాల సభలో ఏదో చిన్న దేశం, తనకు అప్పిచ్చిన పెద్ద దేశం వైపే ఓటు వేసిందట. మనవడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అరవై తొమ్మిదిలో, నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు, తెలంగాణ ఉద్యమంతో బళ్ళు మూతబడ్డాయి, చేవెళ్ల బస్సులు ఆగిపోయాయి. మా వాడలో ఆదివారం పిల్లలకు బైబిలు చెప్పే రూతమ్మవ్వకు ఒక రేడియో ఉండేది. పట్నంలో ఏమవుతుందోనని పొద్దున్నే దాని చుట్టూ చేరేవాళ్ళం. ఒకరోజు ప్రపంచ దేశాల సభ ముచ్చట, అప్పుల ముచ్చట వచ్చింది.

“దేశాలకు సుత అప్పులుంటయా అవ్వా?”

“ఎందుకుండవు బిడ్డా? గోధుమలిస్తరు, పైసలిస్తరు. సభల ఓటుకొచ్చేసరికి తీసుకున్నోడు ఇచ్చినోని మొఖం చూస్తడు.”

“గంత పెద్ద దేశాలకు సిగ్గు లేదా!” అని పకపకా నవ్వాను.

ఆ వారమే పంచాయతీ సభ. సర్కారు బావి మా వాడలో తవ్వాలా, ఊరిపెద్ద పటేల్ చెల్కలో, ఆ మెట్టపొలంలోనా అన్నది తేలాలి. నేను రోజూ రెండు బిందెలతో వాగుదాకా నడిచేదాన్ని. అయినా పటేల్ “నా చెల్కల ఒప్పుకున్నోళ్ళు చెయ్యెత్తుండ్రి” అనగానే నా చెయ్యి లేచింది. మేము చల్లిన విత్తనాల జొన్నలు ఆయన అప్పిచ్చినవే మరి. రూతమ్మవ్వ చేతులు మాత్రం కొంగులోనే ఉన్నాయి.

“ఏం రూతమ్మా, పట్కపోయిన జొన్నలు యాది మరిచినవా?”

“యాదికున్నయి పటేలా. కుంచానికి కుంచమున్నర కొలిచిస్త. చెయ్యి మాత్రం కుదువ పెట్టలే.”

బావి పటేల్‌కే పోయింది. తిరుగుదారిలో నేను తల ఎత్తలేదు. అవ్వ తిట్టలేదు. “గా దేశాలను చూసి నవ్వితివి గద” అని మాత్రం అంది.

వంటకు ముందు పిడికెడు గింజలు తీసి చర్చికి ఇవ్వడం మా ఇళ్ళలో ఆనవాయితీ. మరునాడు అవ్వ గడప గడపకూ తిరిగి, “దేవునికొక పిడికెడు, విత్తనాల కుండకొక పిడికెడు” అని అడిగింది.

“పోరగాండ్ల కడుపు మాడ్సమంటవా అవ్వా?” అంది మా పక్కింటామె.

“ఒక్క యేడు బిడ్డా. మల్ల పటేల్ గడప తొక్కే పని లేదు.”

పంట రాగానే పాత జొన్నలు కొలిచి ఇచ్చేశాం. వానాకాలానికి కుండలు నిండాయి. పటేల్ దగ్గరికి ఎవరం పోలేదు.

అప్పటికి ఆయన చెల్కలో బండ పడి బావి ఆగిపోయింది. అక్కడే ఇంకో మూల తవ్వుదామని మళ్ళీ చేతులు అడిగాడు. నా చేతులు కొంగులోనే ఉన్నాయి. పక్కకు చూశాను, మా వాడ ఆడవాళ్ళందరివీ అంతే. బావి మా వాడలో పడింది.

ఇప్పుడు బియ్యమైనా పిండైనా కొనుక్కొచ్చిందే. అయినా వండే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతాను. మొన్నా అలా పక్కన పెట్టిన పిడికెడు పిండిని చూపిస్తూ మనవడితో అన్నాను:

“నవ్వకు బిడ్డా. గా చిన్న దేశం ఇంట్ల ఇంక కుండ నిండలేదేమో.”