సందు లైటు, ఒమేగా సెంటారి

మోహనప్రియ మొదటిసారి దాన్ని చూసినప్పుడు లెన్సు మీద మరక అనుకుంది.

తమిళనాడు ధర్మపురిలో బస్టాండు దగ్గర ఒక ఫోటో స్టూడియోలో ఆమెకు పని. పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంది, చెవులు కుట్టే ఫంక్షన్లకూ పెద్దమనిషి ఫంక్షన్లకూ ఆల్బములు కడుతుంది. యజమాని కొత్త కెమెరా తెచ్చుకున్నాక పాతదాన్నీ, దాని పొడుగు జూమ్ లెన్సునూ ఆమెకు ఇచ్చేశాడు, షట్టరు ఒక్కోసారి ఇరుక్కుంటుందని చెప్పి మరీ. ఒక వేసవి రాత్రి, మర్నాడు ఏదో ఫంక్షన్ ఉందని, అన్నం తిన్నాక పెరట్లో నిలబడి లెన్సు సరిచూసుకుంటోంది. దక్షిణం వైపు తిప్పితే చుక్కల మధ్య బూజు ఉండలాంటిది కనబడింది. పైట చెంగుతో లెన్సు తుడిచింది. పోలేదు. కెమెరాను పక్కకు జరిపింది. బూజు మాత్రం చుక్కలతోపాటు ఉన్నచోటే ఉంది.

ఆ ఫోటోను ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో పెడితే సేలం నుంచి ఎవరో జవాబిచ్చారు. అది మరక కాదు, ఒమేగా సెంటారి అనే తారాగుచ్ఛం. తేనెపట్టు మీద ఈగలు ముసిరినట్టు లక్షల నక్షత్రాలు ఒక ఉండగా మూగి ఉన్నాయి. చాలా ఉత్తర దేశాల వాళ్లకు అది కనబడనే కనబడదు. మన పెరట్లోంచి కనబడుతుంది.

అప్పటినుంచి ఆమెకు ఒకటే పట్టుదల. ఆ ముద్ద విడిపోవాలి. ఫోటోలో ఒక్కో చుక్క ఒక్కోటిగా కనబడాలి.

భూమి తిరుగుతుంది కాబట్టి కెమెరాను కాసేపు కదలకుండా పెడితే చుక్కలు గీతలైపోతాయి. దానికి కొనుక్కునే యంత్రాలున్నాయి. అవి ఆమెలాంటివాళ్ల కోసం తయారైనవి కావు. పట్టుపురుగుల షెడ్డులో విరిగి పారేసిన చట్రం చెక్కలు రెండు తెచ్చి, తలుపు బందుతో కలిపి, మధ్యలో పొడుగు మరమేకు బిగించింది. బందును ఉత్తరాన ధ్రువనక్షత్రం వైపు ఉంచి, మరను చేత్తో మెల్లగా తిప్పుతూ పోతే పై చెక్క మీది కెమెరా చుక్కల వెంట కదులుతుంది. భర్త తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో ఉంటాడు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఆమె, తల్లి మునివెంకటమ్మ. కూతురు పెరట్లో మర తిప్పుతుంటే తల్లి వాకిట్లో పడుకుని, "ఆ తిప్పేదేదో రాగులు విసిరితే పిండన్నా వచ్చును," అని సణిగేది.

వాళ్లది ఇండూరు దగ్గర ఒక ఊరు. ఊరు అంటే ఊరు కాదు, ఊరికి ఎడంగా ఉన్న కాలనీ. ఎందుకు ఎడంగా ఉందో తెలియనివాళ్లు ఈ దేశంలో ఎవరూ లేరు. కాలనీలో ఇంటి మాట తెలుగు, చదువు తమిళం, పని కూలి. బస్సు రోడ్డు నుంచి కాలనీకి రావాలంటే మల్బరీ తోట అంచునే ఒక సందు. రాత్రి తొమ్మిదింటికి గార్మెంటు కంపెనీ బస్సు ఆడపిల్లల్ని రోడ్డు మీద దించి పోతుంది. అక్కడినుంచి చీకటి. బైకుల మీద మగవాళ్లు హెడ్‌లైటు ఆర్పుకుని వెనకాలే వచ్చేవాళ్లు. పక్కింటి సౌభాగ్యం ఆ సందులోనే పాము కరిచి బతికి బయటపడింది. ఊళ్లో గుడి దగ్గర, పాల డైరీ దగ్గర, చివరికి శ్మశానం దారిలో కూడా లైట్లున్నాయి. కాలనీ సందుకు మాత్రం నిధులు లేవనేవారు.

మను మీద మను ఇచ్చారు. ఇక్కడ అర్జీని మను అంటారు. కాలనీ తరఫున అవన్నీ తమిళంలో రాసింది మోహనప్రియే. ఆఖరికి ఈ ఏడు ఫిబ్రవరి చివర, తమిళుల మాసి నెలలో సందు చివర స్తంభం నాటి, తెల్లటి ఎల్‌ఈడీ లైటు పెట్టారు. ఆ రాత్రి పిల్లలు దాని కింద కబడ్డీ ఆడారు.

స్తంభం సరిగ్గా ఆమె పెరటికి దక్షిణాన పడింది. ఏప్రిల్ నడుమ చిత్తిరై నెల వచ్చి ఒమేగా సెంటారి మళ్లీ ఆకాశంలోకి ఎక్కేసరికి ఆమె ఫోటోల్లో పాలు ఒలికినట్టు తెలుపు తప్ప ఏమీ లేదు.

ఏప్రిల్ నెలాఖరులో గోపాలప్ప మనవడి చెవులు కుట్టిన ఆల్బము ఇవ్వడానికి ఆమె వాళ్లింటికి వెళ్లింది. ఊళ్లో భూములున్న తెలుగువాళ్లలో గోపాలప్ప పెద్ద రైతు. పట్టుపురుగుల షెడ్డూ, మల్బరీ తోటా ఆయనవే. వసారాలో ఆమెకు కుర్చీ వేయించాడు.

"ఏమ్మా ప్రియా, రాత్రిపూట పెరట్లో చెక్కలు పెట్టుకొని ఏం చేస్తా ఉండావు? మంత్రం వేస్తా ఉండావేమోనని మా ఆడోళ్లు భయపడతా ఉండారు."

"మంత్రాలొచ్చింటే స్టూడియోలో ఏమిటికి కూర్చుంటానన్నా? చుక్కల్ని పడం తీస్తా ఉండా."

"చుక్కల్నా? యాడ, చూపియ్యి."

ఆమె ఫోన్లో చూపించింది. పాత ఫోటో, కొత్త ఫోటో. గోపాలప్ప కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చూశాడు. "ఈ తెల్లగా కమ్ముకొనిందేమి?"

"అది మా సందు లైటన్నా. అది లేకుంటే ఎంత బాగా వచ్చునో."

"అట్లనా," అన్నాడు గోపాలప్ప. కాఫీ ఇప్పించాడు, ఇంట్లోవాళ్లు తాగే స్టీలు గ్లాసులోనే.

ఆమె సంతోషంగా ఇంటికి వచ్చి చెప్పింది. మునివెంకటమ్మ చేటలో రాగులు చెరుగుతోంది.

"కుర్చీ వేసినారా?"

"వేసినారమ్మా."

"ఏమిటికి?"

తల్లికి వెంటనే తట్టిన ఆ ప్రశ్న కూతురికి తట్టలేదు. తను రాత్రుళ్లు ఏం చేస్తోందో ఇన్నేళ్లలో శ్రద్ధగా అడిగినవాడు గోపాలప్ప ఒక్కడే.

మే ఒకటిన గ్రామసభ. బడి ఆవరణలో షామియానా వేశారు. ఊరివాళ్లు కుర్చీల్లో, కాలనీ ఆడవాళ్లు వెనక జంపఖానా మీద. అక్కడ ఒక పద్ధతి ఉంది. లోపలికి వచ్చేటప్పుడే రిజిస్టరులో సంతకం పెట్టిస్తారు. తీర్మానాలు ఆ తర్వాత చదువుతారు, ఒక్కోసారి చదవరు కూడా. సభకు వచ్చినందుకూ, తీర్మానం ఒప్పుకున్నందుకూ సంతకం ఒకటే. తమ చేత్తో తామే ఏం ఒప్పుకున్నారో తెలియకుండా జనం టీ తాగి ఇంటికి పోతారు. ఆ రోజూ కాలనీ వాళ్లంతా గేటు దగ్గరే సంతకాలు పెట్టి కూర్చున్నారు.

పంచాయతీ సెక్రటరీ కలైయరసన్ తమిళంలో గబగబా చదువుతున్నాడు. నీళ్ల ట్యాంకు, ఉపాధి పని, కాలువ పూడిక. తర్వాతది విని మోహనప్రియ తలెత్తింది. కాలనీ సందు లైటు అక్కడి నివాసులకే ఇబ్బందిగా ఉన్నట్టు తెలిసినందువల్ల, దాన్ని పట్టుపురుగుల షెడ్డు దారికి మార్చడానికి సభ ఆమోదిస్తోంది.

"ఎవురికి ఇబ్బంది?" సౌభాగ్యం లేచింది. "ఎవురు చెప్పినారు?"

గోపాలప్ప కుర్చీలోంచే వెనక్కి తిరిగాడు. "మీ ప్రియానే చెప్పింది. మా ఇంట్లో కూర్చొని చెప్పింది. అడుగు, ఆడనే ఉండాది."

అబద్ధం కాదు. కాలనీ అంతా కలిసి ఏళ్ల తరబడి అడిగితే వినబడని పంచాయతీకి, కాలనీలో ఒకమ్మాయి విసుక్కున్నది వారం తిరక్కుండా వినబడింది. లైటు ఇవ్వడానికి కాలనీ అంతా సంతకాలు చేయాలి, తీసుకోవడానికి ఒక్క మాట చాలు.

ఆడవాళ్లందరూ ఆమె వైపు తిరిగారు. సౌభాగ్యం గొంతు తగ్గింది. "ఏం ప్రియా, నిజమా?"

మునివెంకటమ్మ కూతురి చెంగు లాగింది. "చెప్పలేదని చెప్పు."

చెప్పలేదంటే గోపాలప్ప మాటకు తన మాట అడ్డం. అక్కడ ఎవరి మాట నిలుస్తుందో ఆమెకు తెలుసు. అదీగాక, చెప్పింది నిజం. లేచి నిలబడింది.

"చెప్పినానక్కా. లైటువల్ల పడం చెడిపోతా ఉందని చెప్పినా. అది లేకుంటే బాగుండునని కూడా నోరు జారినా. పీకి తీసుకొని పొమ్మని చెప్పలేదు." కలైయరసన్ వైపు తిరిగి అదే మాట తమిళంలో చెప్పింది. "ఆ మాట నాది ఒక్కదానిది సార్. మను ఇచ్చింది కాలనీ. నా మాటకు కాలనీ లైటు తీసేదానికి నేనెవురు, మీరెవురు?"

"కూర్చోమ్మా," అన్నాడు గోపాలప్ప. "నా మోటారు వైరు రెండుసార్లు కోసుకొని పోయినారు. ఆడ చీకటి కాదా?"

"చీకటేనన్నా. నీకు వేరే లైటు అడుగు. మను నేనే రాసిస్తా. మాది అడగొద్దు."

కుర్చీల్లో ఎవరో నవ్వారు. "మరి నీ చుక్కలకు ఏం చేస్తావు పాపా?"

"అడ్డం కట్టుకుంటా."

కలైయరసన్ ఇబ్బందిగా రిజిస్టరు మూశాడు. "అందరూ సంతకాలు పెట్టేశారు కదమ్మా. పెట్టాక మార్చే రూలు లేదు."

"అట్లయితే నా సంతకం కొట్టెయ్యి," అంది సౌభాగ్యం. నేరుగా బల్ల దగ్గరికి నడిచి వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఇదే నాది. కొట్టెయ్యి."

ఆమె వెనక ఇంకొకామె లేచింది. తర్వాత జంపఖానా మొత్తం లేచింది. బల్ల చుట్టూ మూగారు. సెక్రటరీ పెన్ను మూత బిగించుకున్నాడు. అందరికన్నా ఆలస్యంగా, మోకాళ్లు పట్టుకుని మునివెంకటమ్మ వచ్చింది. గోపాలప్ప ఎదురైతే చెప్పులు చేతిలోకి తీసుకున్న కాలం నుంచి వచ్చిన మనిషి ఆమె. ఇప్పటికీ ఆయన్ని 'సామీ' అనే పిలుస్తుంది.

"నాది వేలిముద్ర సార్," అంది. "దాన్ని ఎట్ల కొట్టేస్తావు? గీకుతావా?"

ఈసారి కుర్చీల్లోవాళ్లు కూడా నవ్వారు. కలైయరసన్ నవ్వలేదు, లెక్క వేసుకుంటున్నాడు. సభ చెల్లాలంటే ఇంతమంది హాజరు కావాలని ఒక హద్దు ఉంది. ఊరివాళ్లు ఎప్పుడూ అంతమంది రారు, ఆ హద్దు దాటించేది కాలనీ ఆడవాళ్ల సంతకాలే. అవి పోతే లైటు తీర్మానమే కాదు, నీళ్ల ట్యాంకూ పోతుంది, కాలువా పోతుంది. ఇన్నాళ్లూ వెనక కూర్చున్నవాళ్ల మీదే ఆ సభ నిలబడి ఉందని ఆ ఎండలో మొదటిసారి అందరికీ అర్థమైంది, ముఖ్యంగా వెనక కూర్చున్నవాళ్లకు.

సెక్రటరీ గోపాలప్ప వైపు చూశాడు. గోపాలప్ప తుండుగుడ్డతో మెడ తుడుచుకుని, "విడు సార్, ఆ లైటుది కొట్టేసెయ్యి," అన్నాడు. సంతకాలు నిలిచాయి. లైటు తీర్మానం మీద అడ్డంగా గీత పడింది. మోహనప్రియ దగ్గరుండి అది చూసి, పక్కన రద్దు అని రాయించింది. గోపాలప్ప లైటుకు మను అదే వారం రాసిచ్చింది కూడా. కాలనీలో కొందరికి అది నచ్చలేదు. "రాసిస్తానని చెప్పినా కదా," అని ఊరుకుంది.

తర్వాత అడ్డం కట్టడం. లైటుకు రేకు తొడుగు పెట్టమని అడిగితే పంచాయతీ ఇంకా ఆలోచిస్తూనే ఉంది. సౌభాగ్యం దగ్గర సులువైన ఉపాయం ఉంది. "గంటసేపు ఫ్యూజు పీకేస్తే పోలేదా? ఎవురికీ తెలీదు."

"తొమ్మిదికి కంపెనీ బస్సు వస్తాదక్కా."

"ఒక్క రోజే కదే."

"ఆ ఒక్క రోజు దిగే పిల్ల ఎవురో?"

సౌభాగ్యం ఇంటికి పోయి, మేకల కొట్టం మీద కప్పిన పాత ఫ్లెక్సు బ్యానరు ఊడదీసి తెచ్చింది. ఎవరో అమ్మాయి పెద్దమనిషి ఫంక్షనుది. రెండు వెదురు గడలు నాటి పెరట్లో దక్షిణాన ఎత్తుగా కట్టారు. లైటు బ్యానరు మీది ఆ అమ్మాయి కిరీటం వెనక దాక్కుంది. ఒమేగా సెంటారి బ్యానరుకు పైన మిగిలింది. గాలికి గడ ఊగుతుంటే సౌభాగ్యం దాన్ని పట్టుకుని నిలబడింది. మోహనప్రియ మర తిప్పింది, ఫోటో తీసింది, మళ్లీ తిప్పింది. మబ్బులు వచ్చేదాకా కొన్ని రాత్రులు అదే పని. ఆ ఫోటోలన్నీ స్టూడియో కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చింది.

సౌభాగ్యం ఫోన్లో చూసి, "రాగి పిండి చల్లినట్టుండాది," అంది.

మధ్యలో ఇంకా ముద్దే. అంచుల్లో మాత్రం విడిపోయింది. పిండి రేణువుల్లా ఒక్కో చుక్క ఒక్కోటిగా ఉంది. కింది మూలన మాత్రం తెల్లటి పొగ కమ్మింది. అంత బ్యానరు కట్టినా పక్కనుంచి వచ్చిన వెలుగు అది. స్టూడియోలో పెళ్లికూతుళ్ల మొటిమలు చెరిపే చెయ్యి ఆమెది. ఆ పొగను చెరపడం ఆమెకు ఒక లెక్క కాదు, అయినా చెరపలేదు. ఫోటోను అచ్చువేసి స్టూడియో గోడకు తగిలించింది. పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చినవాళ్లు ఆ మూల చూపించి అదేమిటని అడుగుతారు.

"మా సందు లైటు," అంటుంది. "తలకాయ నేరుగా పెట్టండి."