మేడం మా ఇంటికొచ్చిన ఆదివారం

మా ఎకనామిక్స్ మేడం పోయిన వారం తిరుపతిలో కన్నుమూశారు. నిద్రలోనే పోయారని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. నిండుగా బతికిన మనిషి. బాధ కన్నా, ఆమె దగ్గర చదువుకున్నామన్న తృప్తే నాకు ఎక్కువగా ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఏ ప్రధాని దేశాన్ని ఎటు నడిపారో చెప్పడమంటే ఆమెకు ప్రాణం. ఒకరు ఆనకట్టలూ పెద్ద ఫ్యాక్టరీలూ కట్టించారు. తర్వాత ఒకరు బ్యాంకుల్ని ప్రభుత్వం చేతికి తెచ్చారు. ఇంకొకరు ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. మేము పొగడటమో తిట్టడమో మొదలుపెట్టేవాళ్లం. ఆమె కళ్లజోడు కొంగుతో తుడుచుకుంటూ, "సరే, ఆ నిర్ణయం ఎవురింటికి ఎట్లా వచ్చిందో చెప్పు" అనేవారు.

ఒకరోజు నేను లేచి, "తలుపులు తెరిచినాయనే మా నాయన పని పోగొట్టినాడు మేడం" అన్నాను. శ్రీకాళహస్తి దగ్గర మా నాయన పనిచేసే నూలు మిల్లు బయటి కంపెనీల పోటీకి తట్టుకోలేక అప్పుడే మూతపడింది. చదువు మానేసి బెంగళూరు పోతానని కూడా చెప్పాను.

"మీ నాయన ఏమంటాడు?"

"అడగలేదు మేడం."

"అయితే ఆదివారం పోయి అడుగుదాం."

నిజంగానే బస్సెక్కి మా ఊరొచ్చారు. నాయన వేసిన మంచం మీద కూర్చుని, పని పోయినందుకు కోపంగా లేదా అని సూటిగానే అడిగారు.

"లేదని యాడ చెప్పేదమ్మా? పొద్దున మిల్లు సైరన్ వినపడక మనసు బాగుండదు. అయితే ఒకప్పుడు బ్యాంకోళ్లు మా మొగం సూసేవాళ్లు కాదు. బ్యాంకులు సర్కారువైనాకే అప్పు పుట్టి పాడావు కొనుక్కున్నాం. ఇప్పుడు ఆ పాలతోనే ఇల్లు నడస్తా ఉండాది. మా తమ్మునికేమో కొత్తగా వచ్చిన కంపెనీలోనే పని దొరికింది. ఎవురిని తిట్టేది, ఎవురికి దండం పెట్టేది?"

"మరి వీడు చదువు మానేస్తానంటాడే?" అన్నారు మేడం.

నాయన నా వైపు చూశాడు. "నాకాడ అనలేదే. సదువుకోనీమ్మా."

మా కాలేజీ ఉన్న తిరుపతికి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, ప్రభుత్వ సంక్షేమ హాస్టల్లో చేరమన్నారు మేడం. నాకు నామోషీ అనిపించి తల దించుకున్నాను.

"హాస్టలు కూడా ఎవురో ఒక నాయకుడు తీసుకున్న నిర్ణయమే అప్పా. అది మీ ఇంటికి వస్తా ఉంటే వాకిలి మూసేస్తావా?"

మూయలేదు. ఆ హాస్టలు అన్నం తినే డిగ్రీ పూర్తి చేశాను. ఇప్పుడు చిత్తూరులో నేనూ అదే పాఠం చెబుతున్నాను.

మొన్న ఆమె ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ప్రార్థన అయ్యాక పాత విద్యార్థులం వరండాలో టీ తాగుతూ కూర్చున్నాం. మాట ఉచిత బియ్యం మీదికి మళ్లింది.

"ఊరికే ఇచ్చుకుంటా పోతే పనెవురు చేస్తారబ్బా?" అన్నాడొకడు.

"పని దొరికేదాకా ఆకలిని ఆగమంటావా?" అన్నాను నేను.

గొంతులు పెరిగాయి. ఎక్కడున్నామో గుర్తొచ్చి అందరం ఒక్కసారిగా ఆగిపోయాం.

"ఆపేసినారేమప్పా? కానీండి" అంటూ మేడం భర్త లోపలినుంచి ఇంకో కుర్చీ తెచ్చి, మా మధ్యన వేసుకుని కూర్చున్నారు.