లంగాకు జేబు

ఆ రోజుల్లో మా ఊళ్లో పిల్లలకు బట్టలు ఉన్న వయసుకు కాదు, రాబోయే వయసుకు కుట్టేవారు. ఎనిమిదేళ్ల పిల్లకు పదకొండేళ్ల పిల్ల లంగా, పదేళ్ల పిల్లవాడికి వాళ్ల చిన్నాన్నకు సరిపోయే చొక్కా. మొదటి ఏడు బట్టలు మమ్మల్ని కప్పేవి కావు, మేమే వాటిని ఎత్తి పట్టుకుని తిరిగేవాళ్లం. రెండో ఏడు కాస్త దారికి వచ్చేవి. మూడో ఏడు అచ్చంగా సరిపోయేవి గాని, అప్పటికి రంగు వెలిసి, మోచేతుల దగ్గర ఒంటి రంగు కనిపించేది. (నాకు కొత్తగా ఉన్నప్పుడే సరిపోయిన మొదటి బట్ట నా పెళ్లి బట్ట. అదీ చీర కాబట్టి సరిపోయింది.) ఇప్పుడు ఎప్పుడైనా మధ్యాహ్నం వేడిగాలికి కళ్లు మూతపడితే, ఆ పెద్ద పెద్ద బట్టల్లో చిన్న చిన్న పిల్లలం బడి దారిలో గాలికి ఉబ్బుతూ నడిచిపోవడం కనిపిస్తుంది. మొహాలు సరిగా ఆనవు, బట్టలు మాత్రం బాగా కనిపిస్తాయి.

మాది పావగడ తాలూకా, నాగలమడిక పక్క ఒక చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. (తెలుగు అక్షరాలు మా తాత సాయంత్రాలు ఇసుకలో దిద్దించాడు. అందుకే నా రాతలో ఇప్పటికీ వంకర పోలేదని మా ఆయన అంటారు.) బడికి ముదురు నీలం లంగా, తెల్ల జాకెట్టు. ఆ తెలుపు జూన్ నెలలో ఒక వారం ఉండేది. తర్వాత మా ఎర్రమట్టి దాన్ని మెల్లగా తన దారికి తెచ్చుకుని, దసరాకు గోధుమ రంగు చేసి, ఎండాకాలం సెలవులకు పేరు లేని రంగులో వదిలిపెట్టేది. బడి మొత్తానికి బట్టలు కుట్టేది మా అమ్మ తమ్ముడు. ఇంటి అరుగు మీద కుట్టు మిషను పెట్టుకుని ఉండేవాడు కాబట్టి అందరికీ మిషను మామ. మెడలో టేపు వేలాడేది గాని దాంతో ఎవర్నీ కొలిచినట్టు నాకు గుర్తు లేదు. పిల్లను ఒకసారి ఎగాదిగా చూసి, మనసులో మూడేళ్లు కలిపి, కత్తెర పట్టేవాడు.

ఆ బట్టలతో నాకు ఒక్కటే పేచీ. మగపిల్లల చెడ్డీకి రెండు జేబులు, చొక్కాకు ఒకటి. మా లంగాకూ లేదు, జాకెట్టుకూ లేదు. మామూలు రోజుల్లో ఇది పట్టించుకునే సంగతి కాదు. కాని వానలు వెళ్లి వేరుశనగ పీకే కాలం వచ్చిందంటే, ఊరికీ బడికీ మధ్య చేలన్నీ శెనక్కాయల వాసన. మట్టి తడి ఆరని పచ్చికాయలు కుప్పలు కుప్పలుగా పడి ఉండేవి. మగపిల్లలు నడుస్తూనే వంగి, మూడు జేబులూ నింపుకుని, గలగలమనిపించుకుంటూ బడికి వచ్చేవారు. మేం పిడికిట్లో ఎన్ని పడితే అన్నే. ఒడిలో వేసుకుంటే పలక పట్టుకునే చెయ్యి ఉండదు. ప్రార్థనలో చేతులు జోడించేసరికి ఆ పిడికెడు కాయలూ కాళ్ల దగ్గర రాలిపోయేవి, వెనక వరసలో మగపిల్లలు ఏరుకునేవారు. ఐదో తరగతిలో ఉన్న ఆ ఏడాది నాకు లోకంలో ఒక్కటే కావలసి వచ్చింది. లంగాకు జేబు.

మిషను మామ దగ్గర వారం రోజులు పోరు పెట్టాను. ఆడపిల్లల లంగాకు జేబు పెట్టడం తను ఎక్కడా చూడలేదన్నాడు, పెడితే తోటి దర్జీలు నవ్వుతారన్నాడు, చివరికి గుడ్డ చాలదన్నాడు. అరుగు మీద ఒక మూల కూర్చుని మా అవ్వ, అంటే మామకు అమ్మ, అన్నీ వింటూ ఉంది. అవ్వ నడుముకు ఎప్పుడూ ఒక ఎర్ర గుడ్డ సంచి దోపుకుని ఉండేది. అందులో ఆకు, వక్క, సున్నం కాయ, ఒక మొండి చాకు, ఎవరికీ చూపించని ఇంకేవో. ఆమె నిద్రలో కూడా ఆ సంచి మీద చెయ్యి వేసి పడుకునేది.

"గుడ్డ చాలకుంటే నా పాత సంచి ఉండాది, దాన్నే పెట్టి కుట్టురా," అంది అవ్వ. "ఆడదానికి దాసుకునేదానికి యాడో ఒగ తావు ఉండల్ల."

వాళ్లమ్మ మాటకు మామ ఎదురు చెప్పలేదు. పెట్టె అడుగు నుంచి తీసిన పాత సంచిని ఉన్నది ఉన్నట్టే లంగా పక్క కుట్టు విప్పి లోపల పెట్టి కుట్టేశాడు. బయటికి ఏమీ కనిపించదు. లోపల మోకాలి దాకా దిగే ఎర్ర జేబు. చెయ్యి పెడితే మోచెయ్యి వరకు పోయేది, తీస్తే వేళ్లకు వక్కాకు వాసన. ఒక మూల మాత్రం ఏళ్ల తరబడి సున్నం తగిలి గుడ్డ పెళుసెక్కి ఉంటే మామ వేలితో తడిమి చూశాడు. ఫరవాలేదులే అని తనకు తనే చెప్పుకున్నాడు. ఆ రాత్రి లంగా విప్పమంటే విప్పకుండా, జేబులో చెయ్యి పెట్టుకునే పడుకున్నాను.

సరిగ్గా ఆ వారంలోనే మా తరగతికి తుమకూరు వైపు నుంచి కొత్త మేష్ట్రు వచ్చారు. ఆయనకు తెలుగు అర్థమయ్యేది, మాట్లాడటం కన్నడంలోనే. గది నిండా శెనక్కాయ పొట్టు చూసి ఆయనకు ఒళ్లు మండిపోయింది. మరునాటి నుంచి ప్రార్థన వరసలోనే సోదా. మగపిల్లలంతా జేబులు బయటికి లాగి నిలబడాలి. చెడ్డీలకు రెండు పక్కలా జేబులు మేక చెవుల మాదిరి వేలాడుతుంటే, ఆయన వరస పొడుగునా నడుస్తూ దొరికిన కాయలన్నీ ఒక బుట్టలో వేయించేవారు. (సాయంత్రం ఆయన గది కిటికీలోంచి ఉడికిన కాయల వాసన వచ్చేది. అది వేరే సంగతి.) ఆడపిల్లల వైపు కన్నెత్తి చూసేవారు కాదు. జేబే లేని వాళ్లను సోదా చేయడం ఎందుకని ఆయన అనుకుని ఉంటారు.

రెండో రోజుకే మగపిల్లలకు నా జేబు సంగతి తెలిసిపోయింది. నేనే చెప్పాను, ఊరికే ఉండలేక. ఇక చూడండి, బడి గేటు ముందు నా దగ్గర వరస కట్టేవారు. అంతవరకు నా జడ లాగడం తప్ప నాతో పని లేనివాళ్లు "అక్కా, ఇవి కూడా పెట్టుకో అక్కా" అని బతిమాలేవారు. నా కంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనేవారు. నేను మొహం గంభీరంగా పెట్టి ఒక్కొక్కరివీ తీసుకునేదాన్ని. మూడు గింజల కాయలు నావి, మిగతావి వాళ్లవి. ప్రార్థన అయ్యాక పంచేదాన్ని. ఆ పది రోజులు నేను ఎంత గర్వంగా నడిచానో చెప్పలేను. నిజానికి గర్వం వల్ల అలా నడిచానా, జేబు బరువుకు ఒక పక్కకు ఒరిగి నడిచానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

తర్వాత బడి చూడటానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నారన్నారు. మేం పన్నెండు మంది ఆడపిల్లలం ఆయన ముందు కోలాటం వేయాలి. ఆ రోజు సోదా గట్టిగా ఉంటుందని భయపడి మగపిల్లలు ఒక్కరు కూడా తమ దగ్గర కాయ ఉంచుకోలేదు. అన్నీ నా దగ్గరికే వచ్చాయి, అప్పుడే పీకిన పచ్చికాయలు, మట్టితో సహా. ఇక వద్దని చెప్పాలని నాకు తోచలేదు. కాదనడం నా పెద్దరికానికి తక్కువ అనిపించింది. లంగా బొందు రెండు ముళ్లు వేసి బిగించుకుని కోలలు పట్టుకున్నాను.

మొదటి చుట్టులో జేబు మోకాలికి కొట్టుకుంది. రెండో చుట్టులో సున్నం తిన్న ఆ మూల పట్టు విడిచింది. ఏదో చల్లగా కాలి మీదుగా జారినట్టయింది, చూస్తే ఒక కాయ. ఆగితే మేష్ట్రు కొడతారు, ఆగకపోతే కాయలు రాలతాయి. నేను ఆగలేదు. అడుగుకు రెండు, గెంతుకు నాలుగు, అలా చుట్టూ తిరుగుతూ నేను బడి ముందు శెనక్కాయలతో ముగ్గు వేసినట్టు ఒక గుండ్రం గీశాను. వెనక పిల్లలు వాటి మీద కాళ్లు వేస్తుంటే పటపటమని కోలల కంటే బాగా తాళం పడింది. సందులోంచి రెండు మేకలు వచ్చి చేరాయి. నేను పాడుతూనే ఏడుస్తున్నాను. కాయలు పోతున్నందుకు కాదు, జేబు బయటపడినందుకు.

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి వచ్చి, ఒక కాయ తీసి వేళ్లతో నొక్కి, గింజలు నోట్లో వేసుకుని, ఇది కూడా కోలాటంలో భాగమేనా అని కన్నడంలో అడిగారు. మా మేష్ట్రు మొహంలో నెత్తురు చుక్క లేదు. కాని ఒక్క క్షణంలో తేరుకుని, అవును సార్, ఇది సుగ్గి కోలాటం, పంట ఇంటికి వచ్చినప్పుడు ఈ పక్క ఇట్లాగే వేస్తారు అన్నారు. ఇన్‌స్పెక్టరు చాలా మెచ్చుకున్నారు. పక్క ఊళ్లో ఇంత సహజంగా వేయలేదని కూడా అన్నారు. ఆ కాసేపు నా జేబు బతికిపోయిందనే అనుకున్నాను.

సాయంత్రం మేష్ట్రు నన్ను వెంటబెట్టుకుని మిషను మామ అరుగు దగ్గరికి వచ్చారు. కొట్టలేదు, కేకలు వేయలేదు, జేబు బయటికి లాగి చూపించమన్నారు. చిరిగిన మూలతో ఎర్ర సంచి బయటికి వచ్చి వేలాడింది. అవ్వ లేచి వచ్చి దాన్ని చేత్తో పట్టుకుంది.

"ఇది నా సంచి అయ్యా. ముప్పై ఏండ్లు నా నడుముకు ఉన్నింది. బయటికి తీసి సూపియ్యమని నన్ను ఒగరూ అడగలేదు."

మేష్ట్రు తల దించుకున్నారు. కాని మాట మార్చుకోలేదు. ఈ పిల్లకు ఉంటే రేపు అందరూ అడుగుతారు, జేబు మూసి కుట్టి పంపండి అని చెప్పి వెళ్లిపోయారు. (ఆయన చెప్పింది నిజమే. అప్పటికే ముగ్గురు ఆడపిల్లలు తమకూ జేబు కావాలని మామకు చెప్పి ఉన్నారు.) మామ మిషను ముందు కూర్చున్నాడు. నేను అవ్వ ఒళ్లో మొహం పెట్టుకుని మిషను చప్పుడు వింటూ ఏడ్చాను. చిరిగిన మూల కుట్టాడు, తర్వాత జేబు నోరు కుట్టుకుంటూ వచ్చాడు. చివర చప్పుడు ఆగిపోయింది. లంగా నా చేతికి ఇచ్చి, కుట్టు చివర నా వేలు పెట్టించాడు. ఒక వేలు దూరేంత సందు వదిలేశాడు.

"మేష్ట్రు మూయమన్నాడు, మూసినా," అన్నాడు మామ. "ఎంత మూయల్లనో ఆయప్ప సెప్పలేదు."

ఆ సందులో ఒక్క కాయ పట్టేది, ఇంకొకటి తోస్తే మొదటిది లోపలికి జారిపోయి వేలికి అందేది కాదు. ఆ లంగా నాకు సరిపోయిన మూడో ఏడు దాకా, శెనక్కాయల కాలంలో రోజుకు ఒక్క కాయ తీసుకుపోయేదాన్ని. ప్రార్థన అయ్యాక ఒలిచి, గింజలు నమలకుండా బుగ్గన పెట్టుకుని, చివరి గంట వరకు ఉంచుకునేదాన్ని. సంచి నిండా కాయలున్న పది రోజుల కంటే ఆ ఒక్క కాయ రోజులే ఇప్పుడు నాకు ఎక్కువ గుర్తొస్తాయి. ఎందుకో నాకు తెలియదు.

ఇప్పుడు ఆ చేలన్నీ సోలార్ పార్కులో ఉన్నాయి. ఎటు చూసినా పలకలు, వరసలు వరసలుగా, ఆకాశం కిందికి దిగి నేల మీద ఆరేసుకున్నట్టు. రంగు అచ్చం మా బడి లంగాల రంగే. పలకల మీద నీడ పడకుండా గడ్డి పీకే ఆడవాళ్ల గుంపుకు నేను మేస్త్రీని. ఈ వయసులో మళ్లీ నాకు యూనిఫారం ఇచ్చారు, చీర మీద తొడుక్కునే నారింజ రంగు కోటు. అందరికీ ఒకటే కొలత కాబట్టి నాకు మూడేళ్లు పెద్దది. మిషను మామ ఉంటే మెచ్చుకునేవాడు. దానికి ఆరు జేబులు. ఒకదాంట్లో ఫోను, ఒకదాంట్లో చేతి తొడుగులు, మిగతా నాలుగింట్లో పెట్టుకోవడానికి ఏమీ లేదు. మొదటి రోజు ఆ నాలుగింట్లోకీ చేతులు పెట్టి పెట్టి తీశాను, వెతుకుతున్నది ఏమిటో తెలియకుండానే.

మొన్న ఒక వరస చివర, పలకలు కడిగిన నీళ్లు కారే చోట, ఒక శెనక్కాయ మొక్క కనిపించింది. కాకి పడేసిందో, ఎలుక దాచుకుని మరిచిపోయిందో. పసుపు పువ్వు కూడా ఒకటి ఉంది. దాన్ని పీకడమే నా పని. కాసేపు దాని దగ్గర చతికిలబడి కూర్చున్నాను, ఎవరైనా చూస్తే కాళ్లు నొప్పి అని చెబుదామనుకుంటూ. తర్వాత పీకాను. మొక్క వేళ్లకు నాలుగు కాయలు.

సాయంత్రం గేటు దగ్గర సోదా ఉంటుంది, లోపలి సామాను బయటికి పోకూడదని. మా చెల్లెలి కూతురి వయసున్న సెక్యూరిటీ పిల్ల వరస పొడుగునా వస్తూ నా ముందు ఆగింది.

"జేబులు బయటికి తియ్యి పెద్దమ్మా."

ఆరు జేబులూ బయటికి లాగి నిలబడ్డాను, రెండు పక్కలా మేక చెవులు వేలాడుతుంటే. ఏమీ లేదు. ఆ పిల్ల తల ఊపి పక్కకు వెళ్లింది. కోటు కింద, చీర కుచ్చిళ్ల పక్కన, నడుముకు దోపుకున్న ఎర్ర గుడ్డ సంచి సంగతి ఆమె అడగలేదు. అలాంటిది ఒకటి ఉంటుందని ఆ వయసు పిల్లకు తెలియదు. నేను అవ్వ మాదిరే దాని మీద చెయ్యి వేసుకుని, తల ఎత్తుకుని, గేటు దాటాను. నవ్వు ఆపుకోలేక బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చోవలసి వచ్చింది.

సంచిలోంచి కాయలు తీసి ఒక్కొక్కటే ఒలిచాను. మూడు లొట్టవి, లోపల ఏమీ లేదు. నీడలో పెరిగిన మొక్క, ఎంత పట్టుకొస్తుంది. నాలుగోదాంట్లో ఒక్క గింజ ఉంది, చిన్నది, లేత గులాబీ రంగుది. మా ఊరు వచ్చే వరకు నమలకుండా బుగ్గన పెట్టుకుని కూర్చున్నాను.