హబీబా మేడం కొలిచిన ఇళ్లు

మొన్న కంచికచర్ల దగ్గర బస్సు ఆగినప్పుడు, రోడ్డు పక్కన కల్యాణమండపంలోంచి మైకులో ఆడవాళ్ల గొంతులు వినిపించాయి. "కొట్టం, తిట్టం, పోల్చం" అని ముందు ఒక గొంతు అంటోంది, వెనక అందరూ అదే మాట తిరిగి అంటున్నారు. పక్క సీట్లో ఉన్నావిడ అదేదో భజన అనుకుని చేతులు జోడించింది. అది భజన కాదని నాకు తెలుసు. ఒకప్పుడు నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఆ మూడు మాటలూ నేను వినని ఊరు లేదు. ఆ మాటలు పలికిన ఇళ్లలో నిజంగా ఏమైనా మారిందా అన్నది తేల్చమని ఒక మనిషిని పెట్టారు. ఆవిడ పేరు హబీబున్నీసా. మేమంతా హబీబా మేడం అనేవాళ్లం. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆ మాటలు నేర్పే తరగతులు మాత్రం ఇంకా నడుస్తున్నాయి, కొత్త ఊళ్లకు కూడా పాకాయి.

నందిగామలోని ఒక స్వచ్ఛంద సంస్థ ఆ తరగతులు నడిపేది. పిల్లల్ని దండించకుండా ఎలా పెంచాలి, మొండికేస్తే ఏం చెయ్యాలి, మార్కులు తగ్గితే ఎలా మాట్లాడాలి అని వారానికోసారి ఊళ్లలో తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పేవారు. తల్లిదండ్రులనేది పేరుకే, వచ్చేది తల్లులే. నిధులిచ్చేవాళ్లు ఫలితం చూపించమని అడిగేసరికి, విజయవాడలో ఒక మహిళా కళాశాలలో పిల్లల పెంపకం గురించి పాఠాలు చెప్పి రిటైరైన హబీబా మేడంను తీసుకొచ్చారు. జగ్గయ్యపేట ఆవిడ సొంతూరు. వాళ్ల నాన్న లారీ నడిపేవారట. పొట్టి మనిషి, తల మీద కొంగు, మోకాళ్ల నొప్పి. ఎవరినీ పొగిడేది కాదు. నేను అప్పుడే చదువు ముగించుకుని, ఆవిడ కింద సర్వే మనిషిగా చేరాను.

చేరిన కొత్తలో ఒకరోజు ఎంతో ఉత్సాహంగా ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లాను. తరగతులు పూర్తయిన ఊళ్లలో తల్లులను అడిగితే, పిల్లల్ని కొట్టడం తప్పని దాదాపు అందరూ చెప్పారు. ఇంతకన్నా మంచి ఫలితం ఏముంటుందని నా ఉద్దేశం. ఆవిడ కళ్లజోడు తీసి నా వైపు చూసింది. "వాళ్లు మారారని కాదమ్మాయ్ దీనర్థం. మన పాఠం మనకే అప్పజెప్పారు" అంది.

మర్నాడు సాయంత్రం బడి వదిలే వేళకు నన్ను ఒక ఇంటికి తీసుకెళ్లింది. ఆ ఇల్లాలు మాకు కుర్చీలు వేసి, కొడుకుని బంగారం అంటూ దగ్గరకు తీసుకుంది. మేడం కుర్చీ వదిలేసి, పొయ్యి దగ్గర పీట లాక్కుని కూర్చుని, అక్కడున్న చిక్కుడుకాయలు తుంచడం మొదలుపెట్టింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పత్తికి పట్టిన పురుగు గురించీ, బోరులో తగ్గిన నీళ్ల గురించీ మాట్లాడింది. కాసేపటికి ఆ ఇల్లాలు మేమెవరమో మర్చిపోయింది. పిల్లవాడు పరిగెత్తుతూ పాలగిన్నె తన్నేశాడు. ఆమె చెయ్యి వాడి వీపు మీద పడ్డాక గానీ మేమున్నామని ఆమెకు గుర్తు రాలేదు. నాలుక కరుచుకుని, అక్కడే కూలబడి ఏడ్చేసింది. మేడం ఆమె చెయ్యి పట్టుకుని, పొద్దుటి నుంచీ వంగి పత్తి ఏరి వచ్చిన ఒంటికి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందని ఊరడించింది. తిరిగొస్తూ ఆటోలో నాతో అన్న మాట ఇది: "కుర్చీలో కూర్చున్న మనిషి నటిస్తాడు. పొయ్యి మీద కూర మాడుతుంటే నటించలేడు. మనం చూడాల్సింది ఆ వేళలో."

తరగతులు జరిగిన ఊళ్లను మాత్రమే చూస్తే సరిపోదని, జరగని ఊళ్లను కూడా చూడాలని ఆవిడ పట్టుబట్టింది. అన్ని ఊళ్లలోనూ కాలంతో పాటు కొంత మార్పు వస్తుంది, అందులో మన తరగతి వల్ల వచ్చిందెంతో విడదియ్యాలి అనేది. అలా గరికపాడు వైపు వెళ్లాం. అక్కడ ఒక ధాబాలో రొట్టెలు చేసే ఆవిడ, మా ప్రశ్నలన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, మరి ఆ తరగతులేవో మా ఊళ్లో ఎప్పుడు పెడతారని అడిగింది. ఇక్కడ పెట్టరని, పోల్చి చూడటానికే వచ్చామని నేను నసిగాను. ఆవిడ పిండి చేతులు దులుపుకుంది. "అంటే, కొలవటానికొచ్చారు గానీ పెట్టటానికి రాలేదన్నమాట" అంది. మేడం ఆ మాటను తన పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకుంది.

తల్లుల మాట నమ్మలేం, ఇంట్లో కూర్చుని చూసేది కొద్దిసేపే. ఇక మిగిలింది పిల్లలు. పిల్లల్ని అడుగుదామన్నది మేడమే. సంస్థ డైరెక్టరుగారికి ఇష్టం లేకపోయినా ఒప్పించింది. బడి వరండాలో, పెద్దవాళ్ల అనుమతి తీసుకుని, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, నవ్వే మొహం ఏడ్చే మొహం బొమ్మలు చూపించి, ఇంట్లో అన్నం తినేటప్పుడు ఎలా ఉంటుంది, మార్కుల కాగితం చూపించినప్పుడు ఎలా ఉంటుంది అని అడిగేవాళ్లం. ఎవరి పేర్లూ బయటికి రావని మేడం ప్రతి పిల్లకీ తనే మాటిచ్చేది.

ముక్త్యాల వైపు ఒక ఊళ్లో శ్రావణి అనే పిల్ల ఉండేది. నాలుగో తరగతి. వాళ్ల నాన్న కోటేశ్వరరావు సిమెంటు లారీ డ్రైవరు. ఆ ఊళ్లోనే కాదు, మా తరగతులన్నింట్లోనూ క్రమం తప్పకుండా వచ్చిన మగవాడు అతనొక్కడే. సంస్థకు అతనంటే ప్రాణం. ఎక్కడ మీటింగు జరిగినా అతన్ని వేదిక ఎక్కించేవారు. ఒకప్పుడు తాను పిల్లను కొట్టేవాణ్ణని, ఇప్పుడు కూర్చోబెట్టి మాట్లాడుతున్నానని చెబుతూ కళ్లు తుడుచుకునేవాడు. సభలో ఉన్నవాళ్లూ కళ్లు తుడుచుకునేవారు. నేనూ తుడుచుకున్నాను.

శ్రావణి బొమ్మల్లో ఏ మొహాన్నీ ముట్టుకోలేదు. మేడం తొందరపెట్టలేదు. చివరికి ఆ పిల్ల తనంతట తనే గౌను భుజం దగ్గర కిందికి జరిపింది. అక్కడ బెల్టు వాత. "క్లాసుకు పోయొచ్చిన రోజు ఇంకా ఎక్కువ కొడతాడండి. అక్కడందరూ నీతులు చెప్తారని కోపం" అంది. మీటింగుల ముందు మాత్రం కనపడేచోట కొట్టడని కూడా చెప్పింది. ఏడవలేదు. చెప్పేసి, ఇక వెళ్లొచ్చా అని అడిగింది.

మేడం ఆ మధ్యాహ్నమే నందిగామ వచ్చి డైరెక్టరు గదిలోకి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. పిల్లల రక్షణ చూసే అధికారులకు వెంటనే తెలియజెయ్యాలని, వాళ్లు రక్షణ ఏర్పాటు చేసేదాకా తండ్రి చెవిన ఈ మాట పడకూడదని స్పష్టంగా చెప్పింది. ఆయన మర్యాదగా విన్నాడు. సంస్థ తరఫున చెయ్యాల్సిన పని కాబట్టి తానే చూసుకుంటానన్నాడు. కానీ ఆయన చేసిన పని వేరు. కోటేశ్వరరావుకే ఫోన్ చేశాడు. నిజమో కాదో తెలుసుకోవడానికట. పిల్లలు ఊహించి చెబుతారు కదా, పరువున్న మనిషి కదా, ఒక మాట అడిగితే తప్పేమిటని తర్వాత మాతోనే అన్నాడు.

అది తెలిసి మేము ఆ ఊరు వెళ్లేసరికి శ్రావణి మణికట్టుకు కట్టు ఉంది. మేడం అప్పటికే అధికారులకు తనే ఫోన్ చేసింది. వాళ్లు వచ్చారు, అడిగారు. మెట్ల మీంచి జారి పడిందని తల్లి చెప్పింది. పిల్లా అదే చెప్పింది, అక్షరం పొల్లు పోకుండా. ఇక ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు? వాళ్లు వెళ్లాక ఆ తల్లి మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టింది. పేరు లక్ష్మి, నా వయసే ఉంటుంది.

"మేడంగారూ, మీరడక్కపోతే అది చెప్పేది కాదు. అది చెప్పకపోతే ఈ చెయ్యి ఇరిగేది కాదు. మీరు కారెక్కి పోతారు. మేం ఈ ఇంట్లోనే ఉండాలి" అంది.

మేడం, "నిజమేనమ్మా" అంది. డైరెక్టరు ఫోన్ చేశాడని, తప్పు ఆయనదని చెప్పి ఉండొచ్చు. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

కొద్దిరోజులకే లక్ష్మి ఎలాగోలా మొగుణ్ణి ఒప్పించి, పిల్లను కోదాడ దగ్గర తన తల్లి ఇంటికి పంపేసింది. చదువు మధ్యలో ఆగింది.

ఆ తర్వాత ఫలితాల నివేదిక దగ్గర గొడవ మొదలైంది. మేడం రాసింది సూటిగా ఉంది. తల్లుల మాట మారింది, తీరు కొన్ని ఇళ్లలోనే కాస్త మారింది, తండ్రుల విషయంలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు, తరగతులు లేని ఊళ్లకూ ఉన్న ఊళ్లకూ తేడా అంతంతమాత్రం. డైరెక్టరు పిల్లల జవాబులన్నీ తీసేసి, తల్లుల జవాబులు మాత్రం ఉంచి సంతకం పెట్టమన్నాడు. ఈ తరగతులు ఆగిపోతే కాస్త మారిన ఇళ్లకూ దిక్కుండదు కదా, ఆలోచించండి అని బతిమాలాడు కూడా. ఆ మాటలో కొంత నిజం ఉండటమే మేడంను ఎక్కువ బాధపెట్టింది. మారని చోట ఎందుకు మారలేదో రాస్తేనే కదా వచ్చే ఏడు మంచి తరగతి పెట్టగలం అని ఎంతో నచ్చజెప్పింది. ఆయన వినలేదు. ఆవిడ సంతకం పెట్టలేదు. అదే నెలలో ఆవిడ్ని మాన్పించారు. తర్వాత నేనూ మానేశాను. నివేదిక వేరేవాళ్ల పేరుతో అందంగా అచ్చయింది. దాని అట్ట మీద పాత ఫోటోలో కోటేశ్వరరావు, కూతుర్ని భుజాన ఎత్తుకుని నవ్వుతూ.

హబీబా మేడం దేన్నీ బాగుందనలేని మనిషని, ముసలితనంలో చాదస్తమని ఆఫీసులో చెప్పుకున్నారు. ఆవిడ ఇంకెక్కడా పని ఒప్పుకోలేదు. జగ్గయ్యపేటలో తన ఇంట్లో ఉండిపోయి, వీలున్నప్పుడల్లా కోదాడ దగ్గర ఆ ఊరికి వెళ్లొచ్చేది. అమ్మమ్మతో మాట్లాడి, పిల్లను అక్కడి బడిలో చేర్పించింది. పిల్ల మాత్రం ఆవిడ ముందుకు వచ్చేది కాదు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. "రానంటున్నది మేడం, ఏం జెయ్యాలె" అని ముసలామె నొచ్చుకుంది. చివరికి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది శ్రావణి. ఎదిగింది. మంచినీళ్ల గ్లాసు మేడం చేతికిచ్చి, "నన్నేం అడగొద్దండి" అంది. అడగనని మేడం తల ఊపింది. నీళ్లు తాగి, గ్లాసు తిరిగిచ్చి, లేచి వచ్చేశాం.

ఆవిడకు కిడ్నీలు పాడయ్యాక ఒక మధ్యాహ్నం చూడటానికి వెళ్లాను. పలకరింపుగా నాకు తోచిన మాటే అన్నాను: మీరు అడగబట్టే ఆ పిల్ల ఆ ఇంట్లోంచి బయటపడింది, లేకపోతే ఇంకా దెబ్బలు తింటూనే ఉండేది. ఆవిడ కళ్లు మూసుకునే వింది.

"అలా చెప్పుకుంటే నాకు హాయిగా నిద్రపడుతుంది సునీతా. అందుకే చెప్పుకోను" అంది. "నేను ప్రశ్న సరిగ్గా ఉందా లేదా అని చూశా. జవాబు చెప్పాక ఆ పిల్ల ఏ ఇంటికి పోవాలో చూళ్లేదు" అంది.

ఆవిడ నన్ను టీ తాగి వెళ్లమంది. కొన్నాళ్లకే పోయింది. జనాజా వెంట నడిచినవాళ్లు బంధువులు, ఇరుగుపొరుగు. సంస్థ నుంచి ఎవరూ రాలేదు.

నేనిప్పుడు వేరేచోట ఇలాంటి పనే చేస్తున్నాను. ఈ ఏడు మొదట్లో నందిగామ దగ్గర ఒక పల్లెలో, ప్రశ్న అడగబోతుంటే ఒక పిల్ల ఎవరైనా వింటున్నారేమోనని తల తిప్పి తలుపు వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అడగలేదు. పెన్ను మూసి, బళ్లో ఇవాళ కూరేం పెట్టారని అడిగి లేచాను. ముందు పిల్లల రక్షణ చూసే అధికారిణితో మాట్లాడాను. ఏదైనా బయటపడితే ఆ పిల్ల ఆ పూట ఎక్కడ ఉండాలో కూడా ఏర్పాటు చేయించుకుని, రెండ్రోజుల తర్వాత ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. ఇంటికి తాళం వేసి ఉంది. మిరపకోతలకు కుటుంబమంతా వెళ్లిపోయిందని, ఏ ఊరో తెలియదని పక్కింటావిడ చెప్పింది. ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాను. తాళం అలాగే ఉంది. ఆ రోజే అడిగి ఉంటే ఏమయ్యేదని మేడంను అడుగుదామంటే మేడం లేదు. ఉన్నా, ఆవిడ నాకు నిద్రపట్టే జవాబు చెప్పి ఉండేది కాదు.