ముప్పై గడులు

ఆసుపత్రిలో నర్సుల డ్యూటీలు వేసే గదిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ కీబోర్డక్కే. మౌసుతో ఆవిడకు మాటల్లేవు. ఎఫ్ టూ నొక్కి ఎక్సెల్ షీటు గడిలోకి దూరేది, ఎఫ్ ఫోర్‌తో చేసిన పనే మళ్లీ చేయించేది, ఎఫ్ ఫైవ్‌తో షీటు ఈ చివర నుంచి ఆ చివరకు గెంతేది. పదకొండేళ్లలో ఆ పై వరస మీటల మీద అక్షరాలు కూడా అరిగిపోయాయి.

ఆ విద్యంతా తోటికోడలికి ధారపోసింది. అక్కడ ఉద్యోగం ఇప్పించిందీ తనే, పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుందీ తనే.

"దీంతో మాత్రం జాగ్రత్త చెల్లీ. ఎఫ్ టూ కొట్టి, ఎఫ్ నైన్ కొట్టి, ఎంటర్ కొట్టావంటే గడిలో లెక్కకట్టే ఫార్ములా ఎగిరిపోయి ఉత్త అంకె మిగులుతుంది. చూడ్డానికి తేడా ఏమీ తెలీదు," అని పనిగట్టుకుని మరీ చెప్పింది. ఏం చెప్పడమో, ఖర్మ!

ఇంతలో ఆ గదికి ఇన్‌చార్జి పోస్టు వచ్చింది. ఒక్కటే పోస్టు, అర్హులు వీళ్లిద్దరు. కీబోర్డక్క దానిమీద పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. ముప్పైమంది నర్సులకు ముప్పై గడులు పెట్టి, ఒకరు సెలవు పెడితే మిగతావాళ్ల డ్యూటీ గంటలు వాటంతటవే మారేలా షీటు తయారుచేసింది. సూపరింటెండెంటుకు చూపించే రోజున ఒక నర్సు పేరు పక్కన సెలవు అని కొట్టింది. గంటలు కదల్లేదు. మళ్లీ కొట్టింది. ఊహూ.

"షీటు మీమీద అలిగినట్టుందమ్మా," అన్నాడాయన గడియారం చూసుకుంటూ.

ఆవిడ ఎఫ్ టూ నొక్కింది. ఫార్ములా ఉండాల్సిన చోట ఉత్త నలభై ఎనిమిది. కింద గడిలోనూ అదే కథ. ముప్పైకి ముప్పై అంతే. నిన్న సాయంత్రం "నువ్వు పద అక్కా, నేను వెనకే వస్తా" అని గదిలో ఆగిపోయిన తోటికోడలు గుర్తొచ్చింది. నోరు తెరిచి ఏం చెబుతుంది? సొంత ఇంటి మనిషిని పదిమందిలో దోషిగా ఎలా నిలబెడుతుంది? షీటు మూసేసి లేచి వచ్చేసింది. పోస్టు తోటికోడలికి ఇచ్చారు.

ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. తప్పించుకుపోదామన్నా చోటు లేదు. ఆ సాయంత్రం తోటికోడలు తల ఎత్తకుండా గిన్నెలు తోముతోంది.

"పొరపాటున చెయ్యి తగిలిందేమో అక్కా," అంది.

"ఒక గడిలో అయితే నేనూ అలాగే అనుకునేదాన్ని. గడికి మూడు మీటలు, ముప్పై గడులు. తొంభైసార్లు నొక్కావు. మధ్యలో ఒక్కసారైనా నేను గుర్తు రాలేదా?"

తోటికోడలు కుళాయి కట్టేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"వచ్చావు," అంది. "పదిహేనో గడి దగ్గర. అప్పటికే సగం అయిపోయింది కదా అని, మిగతావీ కొట్టేశా."