దూది మీద పడ్డ నింద

మా మామగారు మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టరు, పరుపు చూసి గుర్తుపడతారు. రోడ్డు మీద ఎవరైనా పలకరిస్తే మర్యాదకి తలూపుతారు గానీ ఆ మనిషెవరో తెలియక లోపల నలిగిపోతుంటారు. అదే ఆ మనిషి "రెండేళ్ల కిందట మీ దగ్గర పరుపు తిరగకుట్టించాను" అన్నాడనుకోండి, మొహం విప్పారుతుంది. "కుడిపక్క గుంట పడింది, మీదేగా? మీరు గోడవైపు పడుకుంటారు" అంటారు. ఓసారి ఒక బ్యాంకు మేనేజరుని భార్య ఎదుటే పట్టుకుని "మీ పరుపు ఒక పక్కే నలిగిందండీ, మీరు సోఫాలో పడుకుంటున్నారా?" అని అడిగేశారు. మేనేజరు మళ్లీ మా వీధి తొక్కలేదు. ఆవిడ మాత్రం మర్నాడే వచ్చి రెండు దిండ్లు కుట్టించుకుని వెళ్లింది.

నలభై రెండేళ్లుగా ఆయనది ఇదే పని. కింద షాపు, పైన ఇల్లు. షాపు వెనక చిన్న గదిలో దూది ఏకే మిషను ఉంటుంది. పాత పరుపు విప్పి, రాయిలా గట్టిపడ్డ దూదిని అందులో వేస్తే అవతలి నుంచి విచ్చుకుని వస్తుంది. దాన్ని కొత్త గుడ్డలో కూరి, మోకాళ్ల మీద కూర్చుని, జానెడు దబ్బనంతో అంచు నుంచి మొదలుపెట్టి కుట్టుకుంటూ పోతారు. సాయంత్రమయ్యేసరికి కనుబొమలు, మీసం, చెవుల మీద వెంట్రుకలు అన్నీ తెల్లబడిపోతాయి. ఆయన మీసం అసలు రంగేమిటో పెళ్లయిన ఏడాది దాకా నాకు తెలియదు. ఇన్ని పరుపులు కుట్టిన మనిషి తాను మాత్రం చాప మీద పడుకుంటారు. ఎందుకండీ అంటే, పరుపెక్కితే చేత్తో కుట్లు తడుముకుంటూ నిద్రపట్టదట.

నేను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినట్టే. పేపరు గోడౌన్‌లో స్టోరుకీపరు ఉద్యోగం. కొత్త కాపురం కదా, ఆరు నెలలు ఇక్కడుండి తర్వాత వేరే ఇల్లు చూసుకుంటామన్నాం. ఏడేళ్లయింది. ఆ ఇంటి కప్పు కింద ఉంటూ, ఆ ఇంటి తిండి తింటూ, ఆయన షాపు మూయించబోయింది కూడా నేనే. ఆ ఘనకార్యం గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా అమ్మాయికి ఐదేళ్లు. ఇంట్లో అందరూ పిడుగు అంటారు, పేరు పెట్టి పిలిస్తే అదే పలకదు. షాపు కట్టేసే వేళకి మెట్లు దిగి ఏకిన దూది కుప్పలోకి దూకడం దానికి రోజూ అలవాటు. తాత దాన్ని అందులోంచి వెతికి తీసినట్టు నటించి, భుజం మీదికెత్తుకుని పైకి తెచ్చేవారు. ఆ రోజుకి అదే ఆయన చివరి పని. నిరుడు వానలు మొదలయ్యాక దానికి తుమ్ములు పట్టుకున్నాయి. ఒకటీ రెండూ కాదు, వరసగా పది పన్నెండు. కళ్లు ఎర్రబడేవి, ముక్కు కారేది, ఊపిరి తీస్తుంటే ఛాతీలో సన్నగా ఈల వినిపించేది. ఆ ఈల వినిపిస్తే రాత్రంతా దాని పక్కనే లేచి కూర్చునేవాణ్ణి.

డాక్టరమ్మ ఎలర్జీ అంది. ఇంట్లో కుక్కో పిల్లో ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. దుమ్ము రేగే పనేమైనా జరుగుతుందా అంది. ఆవిడ మాట పూర్తికాకముందే "కింద దూది షాపుందండీ" అన్నాను. అయి ఉండొచ్చు, ఛాతీలో ఈల తగ్గి మందులు ఆపాక పరీక్ష చేసి చూద్దాం అంది. ఈలోగా దుప్పట్లు వేడినీళ్లలో ఉతకమంది, చీపురుకు బదులు తడిగుడ్డ పెట్టమంది, వీలైతే పిల్ల పడుకునే గదిలో గాలి శుభ్రంచేసే ప్యూరిఫయర్ ఒకటి పెట్టమంది. షాపు మూయమని ఆవిడ అనలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను మరిచిపోయాను.

ప్యూరిఫయర్ కొన్నాను. దాంతోపాటు వచ్చిన పుస్తకం మూడుసార్లు చదివి, కిటికీలు మూయించి, మంచానికి మూరెడు దూరంలో పెట్టించి, ఇంట్లో అందరికీ పాఠం చెప్పాను. మా ఆవిడ ఆవలించింది. మూడోనాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి మిషను రొప్పుతోంది. చూస్తే దాని నిండా పూలు కుట్టిన తొడుగు. ఫ్రిజ్‌కి, టీవీకి, కుట్టుమిషనుకి తొడుగులు కుట్టిన మా అత్తగారు దీన్ని మాత్రం ఎందుకొదులుతారు? "అంత ఖరీదైన వస్తువు, దుమ్ము పట్టదూ?" అన్నారు. దుమ్ము పట్టడమే దాని ఉద్యోగమని ఆవిడకి నచ్చజెప్పడానికి వారం పట్టింది. తొడుగు తీశారు గానీ, పాపం వస్తువు అన్న జాలి మాత్రం ఆవిడకి ఇప్పటికీ పోలేదు.

మిషను మంచిదే. పిల్ల ప్రశాంతంగా నిద్రపోసాగింది. కానీ సాయంత్రాలు మాత్రం మారలేదు. దాని ముందు ఒక చిన్న లైటు ఉంటుంది, గాలి బాగుంటే పచ్చగా, దుమ్ముంటే ఎర్రగా వెలుగుతుంది. రోజంతా పచ్చగా ఉన్న లైటు ఆరున్నరకి ఎర్రబడేది. కాసేపటికి పిల్ల తుమ్మడం మొదలుపెట్టేది. ఆరున్నరంటే మామగారు షాపు కట్టేసి పైకొచ్చే వేళ. ఇంకేం కావాలి నాకు? లైటుకేసి వేలు చూపించాను.

ఆయన మర్నాటి నుంచి షాపులోనే చొక్కా మార్చుకుని పైకొచ్చారు. లైటు ఎర్రబడింది. కింద కుళాయి దగ్గర స్నానం చేసి, తల తుడుచుకుని వచ్చారు. ఎర్రబడింది. చివరికి వరండాలోనే కుర్చీ వేసుకుని టీ తాగడం మొదలుపెట్టారు. అయినా ఎర్రబడింది. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు సరిగదా, ఇల్లంతా దూది పట్టేసిందని తేల్చేసి, ఒకరోజు భోజనాల దగ్గర అనేశాను, షాపో పిల్ల ఆరోగ్యమో ఏదో ఒకటే నిలుస్తుందని. మా ఆవిడ నన్ను కొరకొరా చూసింది. మామగారు ముద్ద మింగి, నీళ్లు తాగి, "పిల్ల కంటే షాపు ఎక్కువా?" అన్నారు, అంతే. వారం తిరక్కుండా దూది మిషను కొనుక్కుని తీసుకెళ్లేందుకు పక్క పేటలో ఒక మనిషిని మాట్లాడారు. చేతిలో ఉన్న పరుపులు పూర్తిచేసి, నెలాఖరు శుక్రవారం సాయంత్రం అప్పగిస్తానన్నారు.

నేను గమనించనట్టు నటించిన సంగతి ఇంకొకటుంది. నేను లైటుకేసి వేలు చూపించిన నాటి నుంచే ఆయన పిడుగుని ఎత్తుకోవడం మానేశారు. అది చేతులు చాచుకుని పరిగెత్తుకొస్తే, ఆయన తన చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, దూరం నుంచే మాట్లాడేవారు. పిల్లకి అదో కొత్త ఆటనుకుని అదీ చేతులు వెనక్కి కట్టుకునేది. ఇద్దరూ అలా నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. అయినా నేనే రైటనుకున్నాను.

శుక్రవారానికి ఐదు రోజులుందనగా, ఆదివారం పొద్దున, ప్యూరిఫయర్ వెనక జాలీ తీసి శుభ్రం చేస్తున్నాను. అసలు ఫిల్టరుకి ముందు పెద్ద పెద్ద దుమ్మంతా ఆపే జాలీ అది. బ్రష్షుతో గీస్తే బూడిదరంగు నూగు పొరలు పొరలుగా ఊడింది. "చూశారా మామయ్యగారూ, ఎంత దూదో!" అని వరండాలోకి పట్టుకెళ్లి చూపించాను. చూపించకుండా ఉంటే నా గుట్టు నాకే తెలిసేది కాదు.

ఆయన ఆ నూగుని రెండు వేళ్ల మధ్య నలిపారు. మళ్లీ నలిపారు. కళ్లజోడు తెప్పించుకుని, పేపరు పరిచి, పోగు పోగూ విడదీయడం మొదలుపెట్టారు. పావుగంటలో రెండు కుప్పలయ్యాయి.

"ఈ చిన్నది నాదే. ఈ పెద్దది దూది కాదు, అల్లుడుగారూ" అన్నారు.

నేను నవ్వాను. ఆయన అగ్గిపెట్టె తీశారు. దూదిలో ఏం కలిపారో తేల్చడానికి పరుపులవాళ్లు చేసే పరీక్షే అది. చిన్న కుప్పలోంచి ఒక పోగు అంటిస్తే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదయింది. పెద్ద కుప్పలోంచి అంటిస్తే పోగు చిటపటమని ముడుచుకుని, గుప్పున కంపు కొట్టింది. వంటింట్లోంచి మా ఆవిడ "ఎవరి జుట్టు కాలుతోంది?" అని కేకేసింది. మామగారు ఇంకో పోగుని వెలుతురుకి పెట్టి చూశారు. పొట్టిగా, సగం తెల్లగా సగం ఎర్రగా ఉంది. ఇంట్లో ఎర్రజుట్టు ఎవరికుందా అని ఆయన తలెత్తేసరికి, జుట్టుకి రంగు వేసుకునే మా అత్తగారు ఒంటికాలి మీద లేచారు. "మనిషిది కాదులేవే" అని ఆవిణ్ణి శాంతపరిచి, నావైపు తిరిగారు.

"మీరు ఆఫీసుకి వేసుకెళ్లే ప్యాంటు ఒకసారి ఇస్తారా?"

ప్యాంటు పిల్ల గదిలోనే, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. ఆయన దాన్ని తొడల దగ్గర అరచేత్తో ఒక్కసారి రాసి, చెయ్యి నా ముందు తెరిచారు. సగం తెల్లగా సగం ఎర్రగా ఆరేడు వెంట్రుకలు.

ఇంతవరకు మీకొక సంగతి చెప్పలేదు. దాచి కాదు, అది సంగతని నాకే తోచలేదు. మా గోడౌన్‌లో ఎలుకలు రీములు కొరికేస్తున్నాయని నిరుడు వానలకి ముందు ఒక పిల్లిని తెచ్చాం. దానికి మేం పెట్టుకున్న పేరు ఆఫీసరు, ఎందుకంటే ఏ పనీ చేయదు. మధ్యాహ్నం భోజనం కాగానే నా ఒళ్లోకెక్కి సాయంత్రం దాకా నిద్రపోతుంది. నేను దాని నిద్ర చెడకుండా ఒక చేత్తో రిజిస్టరు రాసుకుంటాను. ఆరున్నరకి ఇంటికొస్తాను. పిడుగు పరిగెత్తుకొచ్చి అదే ఒళ్లో కూర్చుంటుంది. పాపం, ఆ లైటు రోజూ నన్ను చూసే ఎర్రబడేదన్నమాట. ఇంట్లో పిల్లి లేదని డాక్టరమ్మతో ఘనంగా చెప్పింది నేనే.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, తలుపు పట్టుకుని కూర్చుండిపోయింది. అత్తగారు నవ్వలేదు. ఆవిడ చూపుకి నేను మరో ఇల్లు వెతుక్కోవాలేమో అనిపించింది. దూది మిషనుకి మాట్లాడిన మనిషికి ఫోన్ చేసి ఇవ్వడం లేదని చెప్పేయండి మామయ్యగారూ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"నా షాపు కోసం నేనే ఏదో చెప్పుకున్నట్టుంటుంది. పరీక్ష చేయించండి. నా దూదిది కూడా తప్పుంటే ఇచ్చేస్తాను" అన్నారు.

ఆ ఐదు రోజులూ నేను గోడౌన్‌లో వేరే బట్టలు పెట్టుకుని, మార్చుకుని, మొహం చేతులు కడుక్కుని ఇంటికొచ్చాను. ఆఫీసరు నాకేసి చూసిన చూపు వేరే కథ. మూడో సాయంత్రానికి లైటు ఎర్రబడటం మానేసి, కాసేపు నారింజరంగులో మిణుకుమని పచ్చబడింది. పిల్ల రెండే తుమ్మింది. అయినా మామగారు వరండా దాటి లోపలికి రాలేదు, చేతులు వెనకనే ఉన్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం అందరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నర్సు పిడుగు ముంజేతి మీద పిల్లికొకటి, దూదికొకటి, ఇంటి దుమ్ముకొకటి అని వరసగా మందు చుక్కలు వేసి, ఒక్కో చుక్క మీద సూదిమొనతో చిన్నగా గీరింది. పావుగంట ఆగమన్నారు. ఆ పావుగంటా మామగారు గోడ గడియారం చూడలేదు, పిల్ల చెయ్యే చూస్తూ కూర్చున్నారు. నలభై రెండేళ్లు ఆయన చేతుల్లో నలిగిన దూది అక్కడ ఒక చుక్కయి ఆరిపోతోంది. నాకు దేవుడి మీద నమ్మకం అంతంతమాత్రం, ఆ పూట మాత్రం గట్టిగానే మొక్కుకున్నాను.

పిల్లి చుక్క దోమ కుట్టినట్టు ఇంత లావున పొంగింది. ఇంటి దుమ్ము చుక్క కొద్దిగా ఎర్రబడింది. దూది చుక్క వేసిన చోట ఏమీ లేదు, చర్మం మామూలుగా ఉంది. డాక్టరమ్మ వేలు పెట్టి చూసి, దూదితో పిల్లకి గొడవేం లేదంది. అయితే మిషను తిరుగుతున్నప్పుడు దాన్ని కిందికి పంపొద్దంది, ఆ నూగు ఎవరి ఊపిరితిత్తులకీ మంచిది కాదంది. మాస్కు లేకుండా ఇన్నేళ్లు ఎలా పనిచేశారండీ అని మామగారిని కోప్పడింది. ప్యూరిఫయర్ అలాగే ఉండనివ్వమంది. నాకు పిల్లి గురించి చాలా చెప్పింది, అవన్నీ ఇక్కడ రాయను.

మామగారు ఆవిడ చెప్పిందంతా విన్నారో లేదో నాకు అనుమానమే. ఆవిడ ఆగగానే ఒక్క మాట అడిగారు.

"అయితే నేను ఎత్తుకోవచ్చా అమ్మా?"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. "ఎవరు వద్దన్నారు?" అంది.

ఆయన నావైపు చూడలేదు. చూసి ఉంటే కొంచెం తేలికగా ఉండేది. "నేనేనండీ" అన్నాను. ఈలోపు పిడుగు బల్ల మీంచి లేచి నిలబడి చేతులు చాచింది. ఆయన వెనక కట్టుకున్న చేతులు విప్పి దాన్ని తీసుకున్నారు. నాలుగు నెలల్లో బరువెక్కిందని ఆయన చేతులకి తెలిసినట్టుంది, ఒక్క క్షణం తూలి, సర్దుకుని, మొహం దాని మెడలో దాచుకున్నారు. మా అత్తగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. నేను గోడ మీద పళ్లబుట్ట బొమ్మ చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి నడిచే వచ్చాం. ఐదేళ్ల పిల్లని అంత దూరం మోయడం ఆ వయసులో తేలిక కాదు. సందు మలుపులో ఆయాసపడుతుంటే, ఇలా ఇవ్వండి మామయ్యగారూ అని చేతులు చాచాను. ఉతికిన ప్యాంటే వేసుకున్నాను, అయినా ఆయన దాన్ని పైనుంచి కిందిదాకా చూశారు. "మీరు నాలుగడుగులు వెనక నడవండి, అల్లుడుగారూ" అన్నారు. మా ఆవిడ రోడ్డు మీదే పకపకా నవ్వింది.

షాపు ముందు మిషను కోసం వచ్చిన మనిషి ఆటో ట్రాలీ ఆపుకుని నిలబడి ఉన్నాడు. మామగారు పిల్లని దించలేదు. ఏమీ అనుకోవద్దు, మిషను ఇవ్వడం లేదన్నారు. ఎందుకని అడిగాడతను.

"ఇంకా పని ఉంది బాబూ" అని, పిడుగుని భుజం పైకి జరుపుకుని మెట్లెక్కారు.