మానుకోట స్టేషన్లో నా హిందీ

ఆ రోజుల్లో నాకు రాని భాష లేదనుకునేవాణ్ణి. నిజానికి వచ్చినవి రెండే. ఒకటి ఇంట్లో మాట్లాడే తెలుగు, రెండోది జనగామలో ఒక రిటైరైన మాస్టారి అరుగు మీద కూర్చుని పరీక్షల కోసం నేర్చుకున్న హిందీ. ఆ పరీక్షల పుణ్యమా అని మానుకోట (మహబూబాబాద్ అని రాసేవాళ్లం, అనేవాళ్లం కాదు) బడిలో హిందీ పండితుడిగా చేరాను. ఏడాది తిరగకముందే ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి ఉద్యమం లేచి బడులు మూతపడ్డాయి. పాఠాలు ఆగాయి గానీ, నా డైరీ ఆగలేదు.

ఒక రోజు పొద్దున్నే మద్రాసు వైపు నుంచి వచ్చిన రైలును మా విద్యార్థులు స్టేషన్లో ఆపేశారు. మధ్యాహ్నానికి ఊరి ఆడవాళ్లు ప్రయాణికుల కోసం గంపల్లో పెరుగన్నం తెచ్చారు. అప్పుడు ఉద్యమాన్ని నడిపించే బట్టల దుకాణం వాళ్లబ్బాయి (చేతిలోంచి మైకు దిగేది కాదు కనుక మైకన్న అనేవాళ్లం) నన్ను పక్కకు పిలిచాడు.

"హిందీ సారూ, మన లొల్లి సర్కారుతోని, గీ పాసింజర్లతోని గాదు. మన గోసేందో వాళ్లకు నువ్వే జెప్పాలె. ఒక్కలు సుత మనల్ని తిట్టుకుంట పోవద్దు. పోయిండ్రనుకో, నీ ఇజ్జతే పోతది."

నాలుగు పెట్టెల్లో నా ఇజ్జత్ నిలబడింది. ఐదో పెట్టెలో కిటికీ దగ్గర, నుదుట నిలువు నామంతో ఒక తమిళ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నేను హిందీ ఎత్తుకోగానే ఆయన ముఖం ఎర్రబడింది. అర్థం కాలేదేమోనని గొంతు పెంచి మళ్లీ మొదటి నుంచి చెప్పాను (తరగతిలో ఈ పద్ధతి బాగానే పనిచేసేది). నా వెనక శిష్యులు పిడికిళ్లెత్తి నినాదాలిస్తున్నారు. ఆయన అన్నం విస్తరిని పక్కకు నెట్టేశాడు.

"ఏమాయె సారూ?" అన్నాడు మైకన్న.

"మన కష్టం ఇన్నంక అన్నం సయిస్తలేదంట" అన్నాను.

మూడోసారి చెప్పేసరికి ఆయన లేచి తలుపు దగ్గరికొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని, తమిళంలో ఉపన్యాసం మొదలుపెట్టాడు. ప్లాట్‌ఫాం మొత్తం సద్దుమణిగింది. అర్థంకానిది కూడా రాసిపెట్టుకోవడం నా అలవాటు కనుక, అందినంతవరకు డైరీలో తెలుగు లిపిలో రాసుకున్నాను.

"ఏమంటుండు సారూ? జల్ది జెప్పు!"

ఆయన వాలకం చూసి ధైర్యం చేశాను. "పానం పోయినా సరే, తల వంచేది లేదంటుండు!"

చప్పట్లు మోగిపోయాయి. మైకన్న తన మెడలోని దండ తీసి ఆయన మెడలో వేశాడు. పెరుగన్నం తెచ్చిన అవ్వ ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది. "ఊరుగాని ఊరోడు, మనకోసం ఎంత తండ్లాడుతుండు బిడ్డా" అంటూ విస్తరి మళ్లీ ఆయన చేతికిచ్చింది. ఆయన దండను చూసుకున్నాడు, అవ్వను చూశాడు. ఏమనుకున్నాడో, కూర్చుని మెతుకు మిగలకుండా తిన్నాడు. సాయంత్రం రైలు కదిలినప్పుడు కిటికీలోంచి పిడికిలెత్తాడు. మేమూ ఎత్తాం.

డైరీలో ఇలా ఉంది: 'తమిళ పెద్దమనిషి ఒకరు సంపూర్ణ మద్దతు ప్రకటించారు. అనువాదం: నేను.'

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగం చివరి రోజుల్లో భూపాలపల్లిలో ఉండగా, పక్కింట్లోకి గనుల్లో పనిచేసే తమిళ ఇంజనీరు దిగాడు. తెలుగు బాగానే నేర్చుకున్నాడు. గర్వంగా ఆ పేజీ చదివి వినిపించాను. మూడుసార్లు చదివించుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సార్, ఆయన అన్నది ఇదీ. ప్రాణం పోయినా హిందీ నేర్చుకోను. రైలు ఆపినా నేర్చుకోను. పెరుగన్నం పెట్టినా నేర్చుకోను."

నేను డైరీలో 'ఇంది' అని రాసుకున్నది హిందీయేనట. మేం రైలు ఆపడానికి నాలుగేళ్ల ముందే వాళ్ల రాష్ట్రంలో హిందీ వద్దంటూ కుర్రాళ్లు ప్రాణాలు తీసుకున్నారట. ఆగిన రైలు, పిడికిళ్లు, మీద పడి హిందీలో అరిచే నేను. ఆయనకు హిందీ నేర్పడానికే రైలు ఆపామనుకున్నాడు పాపం.

"మరి మీరు జనానికేం చెప్పారు?"

"ప్రాణం పోయినా తల వంచడని."

"సగం కరెక్టే సార్" అన్నాడు ఇంజనీరు.

డైరీలో కొట్టివేతలు ఉండకూడదన్నది నా నియమం. అందుకని పాత వాక్యాన్ని అలాగే ఉంచి, దాని కింద ఎర్ర సిరాతో సరైన అనువాదం రాశాను. పక్కన ఆ కుర్ర పండితుడికి నూటికి యాభై వేశాను. కాసేపాగి, పెద్దాయన అన్నం తినే వెళ్లాడు కదా అని ఇంకో ఐదు కలిపాను.